బెజ్జమహాదేవి అడిగిన ప్రశ్న

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు పెక్కు కలవు. వారిలో బెజ్జమహాదేవి యొకతె. లోకమున అందరికిని తల్లి యున్నది, శివునకు మాత్రము తల్లి లేదని ఆమెకు తోచినది. ఆమె మనసు కరిగిపోయినది. కన్నతల్లి యున్నచో ఈ బిడ్డ విషము త్రాగుచుండగా చూచి ఊరకుండునా? పాములను మెడకు చుట్టుకొనుచుండగా వారింపక మానునా? ఇట్లు తలపోసి, తానే ఆయనకు తల్లియై, లింగమూర్తిని శిశువుగా భావించి, నూనె అంటి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి పెంచినది. అందుచేతనే ఆమెకు అమ్మవ్వ యని పేరు వచ్చినది.

ఈ కథ విన్నవారు ఆమె అమాయకత్వమునకు చిరునవ్వు నవ్వుదురు. కాని ఆ ప్రశ్న నేడు ప్రతి ఇంటను వేసికొనదగినది. పెద్దలు చెంతనే యుండగా బిడ్డ చేతికి విషము ఎట్లు వచ్చుచున్నది?

పసిబిడ్డ అన్నము తినక మారాము చేసినచో తల్లి వెనుక చందమామను చూపెడిది, కాకిని పిలిచెడిది. ఇప్పుడు పెక్కు ఇండ్లలో సెల్‌ఫోను చూపినగాని ముద్ద దిగుట లేదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులు మూతపడగా, పాఠములు ఫోనులోనికి వచ్చినవి. పిదప బడులు తెరచిరి గాని, ఫోను పిల్లల చేతినుండి వెనుకకు పోలేదు. అంతమాత్రమున ఫోను యావత్తు విషమనుట న్యాయము కాదు. మైలవరము ప్రాంతపు రైతు మామిడికాయల ధర తెలిసికొనునది దానిలోనే. దూరదేశమున నున్న కొడుకు ముఖమును తల్లి చూచుకొనునది దానిలోనే. పాలకడలిని చిలికినప్పుడు అమృతమును హాలాహలమును ఒక్క కడలి నుండియే పుట్టినవి. ఏది ఏదియో ఎరుగని పసివానిని ఆ కడలి యొడ్డున ఒంటరిగా విడుచుటయే దోషము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ విషయమున పెద్దలకు సూచనలు చేసినది. రెండేండ్లు నిండని శిశువులకు తెర చూపుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు, అదియు తగ్గినకొలది మేలనియు చెప్పినది. భారతీయ శిశువైద్యుల సంఘమును 2021లో ఇంచుమించు ఇదే మాట చెప్పినది. కారణము స్పష్టము. శిశువు మాట నేర్చునది తల్లి ముఖము చూచి. వాడు ‘ఊ’ అనును. తల్లి ‘ఊ’ అనును. వాడు వ్రేలు చూపును; ఆమె పేరు చెప్పును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలోనే మాటయు, దానితోపాటు మమతయు అబ్బును. తెర ఎంతసేపు మాటాడినను, బిడ్డ మాటకు తల్లివలె బదులీయదు.

చూచుట పాపము కాదు. మైలవరము నాటకమునకు పేరుపొందిన ఊరు. గత శతాబ్ది తొలి దశాబ్దములలో జమీందారుల ఆదరణతో ఇచ్చట బాలభారతీ నాటక సమాజము వర్ధిల్లినది. ఆ కాలమున నాటకము చూచుట పదిమందితో కలిసి చూచుట. పిల్లవానికి సందేహము కలిగినచో పక్కనున్న తాతను అడుగును, తాత చెప్పును. ఒంటరిగా తెర చూచు బిడ్డ తన సందేహమును ఎవరిని అడుగును? సమీపముననే యున్న కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో చేయు బొమ్మల సంగతియు ఇట్టిదే. ఆ ఎడ్లబండి తనంతట కదలదు. బిడ్డ తోలవలెను, ఎద్దుల పేర్లు వాడే పెట్టవలెను. తెరమీది బొమ్మ బిడ్డను ఆడించును. కొయ్యబొమ్మను బిడ్డయే ఆడించును.

వీరశైవుల ఇంట ఈ సంగతి మరింత తేటగా తెలియవలెను. ఎడమ అరచేతిలో ఇష్టలింగమును నిలిపి, చూపును దానియందు నాటి, చూపు వెంట మనసును నిలుపుట మన పూజావిధానము. అరచేతిలో ఉన్నదానిపై చూపు, చూపున్నచోట మనసు; ఇది పెద్దలు ఎరిగిన మార్గము. తండ్రి ఉదయమున కొద్దిసేపు లింగపూజ చేసి, మిగిలిన పొద్దంతయు అదే అరచేతిలో ఫోను నిలిపినచో బిడ్డ దేనిని పూజయనుకొనును? బిడ్డ నేర్చునది చెప్పిన మాటను కాదు, చూచిన నడతను. కావున నియమము పెద్దలతోనే మొదలు కావలెను. భుజించునది ప్రసాదమని నమ్మిన ఇంట భోజనవేళ ఎవరి చేతను ఫోను ఉండరాదు.

ఇక అదే పురాణమున గొడగూచి కథ కలదు. తండ్రి ఊరికి పోవుచు, దినమును శివునకు పాలు కొనిపొమ్మని చిన్నారి కూతురుతో చెప్పెను. ఆమె కొనిపోయి, శివుడు త్రాగకుండుట చూచి, తండ్రి కోపించునని వెక్కివెక్కి ఏడ్చినది. శివుడు కరుణించి త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి ఆమె చెప్పిన నిజమును నమ్మలేదు, కోపించి దండింపబోయెను. ఆ బిడ్డ లింగమున ఐక్యమైనది. శివుడు ఆదరించెను గాని, తండ్రికి కూతురు దక్కలేదు.

ఈ కథలో తండ్రులకు గొప్ప హెచ్చరిక కలదు. ఫోనులో బిడ్డ చూడరానిది చూడవచ్చును. ఎరుగనివారెవరో మాటలు కలుపవచ్చును. ఆ భయమును బిడ్డ వచ్చి చెప్పినప్పుడు ‘నీవేల చూచితివి’ అని కొట్టినచో, మరల ఎన్నడును చెప్పడు. అబద్ధమునకు తొలిపాఠము అదియే. ఆస్ట్రేలియా దేశమున పదునారేండ్లు నిండనివారు సామాజిక మాధ్యమములలో ఖాతాలు కలిగియుండరాదను శాసనము 2025 డిసెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. అట్టి శాసనములు కొంత కాపాడవచ్చును. కాని బిడ్డ గుండెలోని మాటను నోటికి తెప్పించు శాసనము లేదు. దానిని తెప్పించునది ఇంటివారి ఓర్మి.

కూలికి పోవు తల్లి, కొలువునకు పోవు తల్లి ‘మాకు తీరిక ఎక్కడిది?’ అని అడుగుదురు. వారిని నిందించుట తగదు. బెజ్జమహాదేవి శివుని కన్నతల్లి కాదు; తల్లి లేదని తెలిసి తానే తల్లియైనది. ఆమె చూపిన దారి ఇదియే. అవ్వగాని తాతగాని మేనత్తగాని, ఇంటికి వచ్చిన జంగమయ్యగాని, ఆ పూట బిడ్డ పక్కన కూర్చున్నవారే ఆ పూటకు తల్లి. మఠములును సాయంకాలమున ఒక గంట పిల్లలను చేర్చి, శరణుల కథలు చెప్పించి, వారి ప్రశ్నలు వినుట మేలు. బసవేశ్వరుడు కాయకమును దాసోహమును బోధించినది పెద్దలకు మాత్రమే కాదు. ఐదేండ్ల బిడ్డ పూజకు పూలు కోయుట కాయకము. తన చేతి పండును తోడివానితో పంచుకొనుట దాసోహము. చేతికి పని యున్న బిడ్డ ఫోనుకై అంతగా చేయి చాపడు.

నేటి రాత్రి దీపము ఆర్పుటకు ముందు ప్రతి ఇంటివారు ఒక్కమాట తలచుకొనవలెను: ఈ దినమున ఈ బిడ్డకు తల్లి యెవరు?

శరణు శరణార్థి.