మొదటి గీత

ఓరుగల్లు మట్టెవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద, ఆదివారం పొద్దున, సినిమా కథలు రాసేవాళ్లు కొందరు కూడేవారు. వాళ్లలో రిటైరైన తెలుగు సారు, పెళ్లిళ్ల వీడియోలు తీసే యువకుడు, డిగ్రీ చదివే అమ్మాయి ఉన్నారు. ఆజంజాహి బట్టల మిల్లులో లూముల మీద పనిచేసి, తీరిక దొరికినప్పుడు నాటకాల్లో వేషాలు కట్టిన పెద్దాయన కూడా వచ్చేవాడు. అక్కడ కట్టుబాటు ఒక్కటే. స్క్రిప్టు రాసినవాళ్లు నోరు మెదపకూడదు. మిగతావాళ్లు పాత్రలు పంచుకుని చదువుతారు.

ఒకనాడు ఒక కుర్రాడు ఇరవై పేజీల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు తెచ్చాడు. మూతపడ్డ మిల్లులో పనిచేసిన తాత కథ. పదిహేనో పేజీలో తాత మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని, మిల్లంటే తనకెంత ప్రాణమో రెండు పేజీల పొడుగునా చెప్తాడు.

తాత మాటలు పెద్దాయన చదవసాగాడు. సగంలో ఆగిపోయాడు.

“ఇన్ని మాటలు మా నోట్లకెళ్లి రావు బిడ్డా. షిఫ్టు దిగొచ్చినోడు గిట్ల మాట్లాడంగ ఎవరన్న విన్నరా?”

కుర్రాడు ఉండబట్టలేకపోయాడు. “అట్ల కాదు కాకా, ఆయన మనసుల ఏమున్నదంటే...”

తెలుగు సారు చెయ్యెత్తి ఆపాడు. “నీ మనసుల ఉన్నది కాయితం మీదికి రాలే. సినిమా చూసెటోళ్ల పక్కపొంటి కూసోని చెప్పలేవు కద!”

ఆ పూట తలా ఒక సలహా ఇచ్చారు. వీడియో తీసే అన్న కొట్లాట సీను పెట్టమన్నాడు. సారు పాట పెట్టమన్నాడు. అమ్మాయి మనవరాలి పాత్ర ఉండాలంది. కుర్రాడు అన్నీ కలిపి రాసుకొచ్చాడు. తీరా చదివితే ఎవరి సలహా వాళ్లకే నచ్చలేదు. కొట్లాట ఉంది, పాట ఉంది, మనవరాలూ ఉంది. తాతే మరీ చిక్కిపోయాడు.

“మనం మన కథలు చెప్పినం సార్. ఆయన కథ మనకు ఎక్కడ అందలేదో చెప్పలే” అంది అమ్మాయి.

మొదటి ప్రతినే మళ్లీ అందరికీ పంచారు. ఈసారి సలహాలు లేవు. చదువుతుంటే మనసు పక్కకు పోయిన చోటల్లా అంచున పెన్సిల్‌తో గీత పెట్టాలి. ప్రతులన్నీ పక్కపక్కన పరిచి చూశారు. పదిహేనో పేజీలో గీతలు దట్టంగా ఉన్నాయి, నిజమే. కానీ మొదటి గీత అందరికీ ఆరో పేజీలోనే పడింది. కుర్రాడు ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివాడు. అప్పటిదాకా మిల్లు గురించి అందరూ మాట్లాడతారు, తాత చేతులు మాత్రం ఏ పనీ చెయ్యవు. కనపడని ఆ మనిషి తరఫున పదిహేనో పేజీ మాటలు వకాల్తా పుచ్చుకున్నాయి.

కొత్త ప్రతిలో తాత తెల్లారకముందే లేచి, ఇక మోగని సైరన్ వేళకు టిఫిన్ డబ్బా కడుగుతాడు. తువ్వాల అంచున తెగిన పోగును వేళ్లతోనే వెతికి ముడి వేస్తాడు. ఉపన్యాసం మొత్తం పోయింది. పెద్దాయనకు చదవడానికి ఒక్క మాటే మిగిలింది: “యాళ్లయింది.” అది చదివి కాగితం పక్కనపెట్టి, “ముడి గట్ల కాదు, ఇటు చూడు” అంటూ తన తువ్వాల తీశాడు.

నీతి: కథ తెగిన చోటు చూపడం వినేవాళ్ల పని, అతకడం రాసినవాళ్ల పని.

ఓరుగల్లుకు ఇది కొత్త కాదు. కాళోజీ సోదరుల మిత్రమండలిలో రచయితలు తమ రచనలు చదివి వినిపించి, తోటివాళ్లతో చర్చించేవారు. స్క్రిప్టు రాసేవాళ్లకు అలాంటి చెవుల అవసరం కవికన్నా ఎక్కువని నా నమ్మకం. కవిత రాసిన రూపంలోనే పాఠకుడిని చేరుతుంది. స్క్రిప్టు అలా కాదు, నటులు, కెమెరా, ఎడిటింగ్ అన్నీ దాటి చేరాలి. ఆరో పేజీలో దొర్లిన లోపాన్ని అక్కడెవరూ పూడ్చలేరు. దర్శకుడు కె.వి. రెడ్డి షూటింగ్‌కు ముందే స్క్రిప్టు పూర్తిగా తేల్చుకునేవారు, ఏ సీను ఎంత నిడివో కూడా లెక్కకట్టుకునేవారు. పింగళి నాగేంద్రరావు మాటలు రాయగా 1957లో ఆయన తీసిన ‘మాయాబజార్’ అభిమన్యుడి పెళ్లి కథ. అయినా అందులో పాండవులు ఒక్క సీనులోనూ కనిపించరు. అంత పెద్ద పాత్రలను వదిలెయ్యవచ్చో లేదో కాగితం మీదే తేలాలి. సెట్లు వేసి నటులను పిలిపించాక తేల్చుకునే సంగతి కాదది.