బండి పుట్టిన ఏడు

అమెరికాలో 2024 మార్చిలో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన కారు 2025 మోడల్ కావచ్చు. అందులో మోసం లేదు, చట్టం చెప్పిందే అది. అక్కడి స్వచ్ఛ వాయు చట్టం లెక్కలో మోడల్ సంవత్సరం అంటే తయారీదారు ఏటా సాగించే ఒక విడత ఉత్పత్తి కాలం. ఆ కాలంలో ఆ ఏడాది జనవరి 1 పడాలి, ఆ ఒక్క జనవరి 1 తప్ప మరొకటి పడకూడదు. కాబట్టి 2025 మోడల్ తయారీని 2024 జనవరి 2 నుంచే మొదలుపెట్టవచ్చు, 2025 డిసెంబర్ 31 దాకా సాగించవచ్చు. ఒక ‘సంవత్సరం’ దాదాపు రెండేళ్లు నడుస్తుందన్నమాట. పొగ ప్రమాణాలు మోడల్ సంవత్సరాన్ని బట్టి మారుతూ ఉంటాయి కనుక, పాత ప్రమాణం కింద బండ్లను ఎంతకాలమైనా తయారుచేసుకుంటూ పోకుండా ప్రభుత్వం వేసిన గట్టు ఇది.

గట్టు ప్రభుత్వానిదే గానీ దారి వేసింది వ్యాపారం. ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 దాకా మోడల్ టి కారును పెద్ద మార్పులు లేకుండా అమ్ముకుంటూ పోయింది. 1920లలో జనరల్ మోటార్స్ అధినేత ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఏటేటా కారు రూపు మార్చే పద్ధతిని పట్టుకున్నాడు. నిరుడు కొన్న కారు బాగానే నడుస్తున్నా పాతదిలా కనిపించాలన్నది దాని సారాంశం. 1930ల మధ్యలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వ ప్రోద్బలంతో కొత్త మోడళ్ల విడుదల జనవరి నుంచి అంతకు ముందరి శరత్కాలానికి జరిగింది. పనులన్నీ ఒకే కాలంలో ముమ్మరమై, మిగతా నెలల్లో కార్మికులు ఖాళీగా కూర్చోకుండా చూడడం దాని ఉద్దేశం. పంచాంగం ప్రకారం ఇంకా రాని సంవత్సరం షోరూములోకి మూడు నెలల ముందే రావడం అక్కడ అలా అలవాటైంది.

ఆ అలవాటును కూడా దాటిపోయింది ఫోర్డ్ మస్టాంగ్. 1964 ఏప్రిల్ 17న అది అమ్మకానికి వచ్చేసరికి ఆ ఏటి మోడళ్ల కాలం సగానికి పైగా గడిచిపోయింది. కంపెనీ వాటన్నిటినీ 1965 మోడళ్లుగానే లెక్కవేసింది. కంపెనీ వేసిన వాహన సంఖ్యలో మొదటి అంకె 5, అంటే 1965. పాత కార్ల అభిమానులు మాత్రం తొలి నెలల బండ్లను ‘1964½’ అంటారు. వాళ్ల దగ్గర ఆధారం ఉంది. మొదట వచ్చిన కార్లలో బ్యాటరీని ఛార్జ్ చేయడానికి జనరేటర్ ఉండేది, తర్వాత వచ్చినవాటిలో ఆల్టర్నేటర్ పెట్టారు. బానెట్ ఎత్తి చూస్తే తేడా తెలిసిపోతుంది. కాగితం ఒక ఏడు చెబుతుంటే ఇనుము మరో ఏడు చెబుతోంది. ఏ పంచాంగంలోనూ లేని అరసంవత్సరాన్ని అభిమానులు పుట్టించుకున్నది ఈ రెంటికీ పొత్తు కుదరకే.

తక్కిన దేశాల్లో లెక్క వేరు. బ్రిటన్‌లో మామూలు మనిషికి కావలసింది నంబరు ప్లేటు మీది రెండంకెలు. 2001 సెప్టెంబర్ నుంచి అవి ఏడాదికి రెండుసార్లు మారుతున్నాయి. 2024 మార్చి నుంచి నమోదైన కార్లకు 24, ఆ సెప్టెంబర్ నుంచి నమోదైనవాటికి 74. ఐర్లండ్ ప్లేట్లలో 1987 నుంచి సంవత్సరం అంకెలు ఉండేవి. 2013లో వాటిని 131, 132గా విడగొట్టారు. అమ్మకాలను ఏడాది పొడవునా సర్దడం ఒక కారణమైతే, పదమూడు అంకె అపశకునమని జనం కార్లు కొనరేమోనన్న బెదురు మరో కారణం. జర్మనీలో మొదటి రిజిస్ట్రేషన్ తేదీయే ప్రధానం. చారిత్రక వాహనంగా ప్రత్యేక ప్లేటు దక్కాలంటే కావలసిన ముప్ఫై ఏళ్లు అక్కడినుంచే లెక్క. జపాన్ కాగితాల్లో తొలి నమోదును చక్రవర్తి శకంలో రాసే ఆచారం ఉంది. 2019 ఏప్రిల్‌లో నమోదైన కారుది హేసేయ్ 31, మే నెలలో నమోదైనదానిది రేవా 1. ఒక చక్రవర్తి గద్దె దిగి మరొకరు ఎక్కడంతో, నెల తేడా ఉన్న రెండు బండ్లు వేర్వేరు శకాలకు చెందాయి.

భారతదేశంలో రెండు లెక్కలూ పక్కపక్కనే నడుస్తాయి. ఆర్‌సీలో తయారైన నెల, ఏడు ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బేరంలో ‘ఏ మోడల్ బండి?’ అని అడిగినప్పుడు చూసేది దాన్నే. సొంత కారు రిజిస్ట్రేషన్ చెల్లే పదిహేనేళ్లను మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం రిజిస్ట్రేషన్ నాటి నుంచి లెక్కిస్తుంది. 2023 నవంబర్‌లో తయారై 2024 ఫిబ్రవరిలో నమోదైన కారు బేరగాడికి 2023 మోడల్. ఆర్టీవో ఆఫీసుకు దాని ఆయువు 2024 ఫిబ్రవరిలో మొదలైంది.

మరి ఆ కారు అసలు వయసెంత? చూడడానికి చిల్లర ప్రశ్నే గానీ, ధర్మశాస్త్రాలు దీన్ని మనుషుల విషయంలోనూ చెట్ల విషయంలోనూ ఏనాడో ఎదుర్కొన్నాయి. ఉపనయనానికి గృహ్యసూత్రాలు చెప్పిన ఎనిమిదో ఏడును పుట్టిన నాటి నుంచి లెక్కించవచ్చు, గర్భం నాటి నుంచీ లెక్కించవచ్చు. తెలుగు ఇళ్లలో గర్భాష్టమం అనే మాట నేటికీ వినిపిస్తుంది. బౌద్ధ వినయపిటకంలోని మహావగ్గంలో ఇదే చిక్కు మరింత సూటిగా వస్తుంది. ఇరవై ఏళ్లు నిండనివాడికి ఉపసంపద, అంటే పూర్తి భిక్షు దీక్ష, ఇవ్వకూడదని నియమం. కుమార కస్సపుడికి గర్భం నుంచి లెక్కించి ఇరవై అయ్యాయని దీక్ష ఇచ్చారు. తర్వాత, తన దీక్ష చెల్లుతుందా చెల్లదా అని ఆయనకే అనుమానం వచ్చింది. తల్లి గర్భంలో మొదటి చిత్తం, మొదటి విజ్ఞానం కలగడమే జన్మ అని, గర్భం నుంచి లెక్కించి దీక్ష ఇవ్వవచ్చని బుద్ధుడు అనుమతించాడు. ఇక్కడ పుట్టుక ఏమిటన్న తత్త్వప్రశ్న, దీక్ష నిలుస్తుందా అన్న ఆచరణ అవసరంలోంచే పుట్టింది.

యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో ‘రోష్ హషానా’ అన్న భాగం ఏడాదికి నాలుగు సంవత్సరాదులు ఉన్నాయంటూ మొదలవుతుంది. రాజుల పాలనకూ పండుగలకూ నీసాన్ 1. పశువుల దశమభాగానికి ఎలూల్ 1. సంవత్సరాల లెక్కకూ భూమికి విశ్రాంతినిచ్చే ఏడో ఏటి లెక్కకూ తిష్రీ 1. చెట్లకు షెవాత్ 1 అని షమ్మాయి శిష్యులు, 15 అని హిల్లేల్ శిష్యులు. రాజు నీసాన్‌కు ముందురోజు గద్దెనెక్కినా, తెల్లారితే రెండో ఏడు వచ్చినట్టే. డిసెంబర్ 31న తయారైన కారు మర్నాటికే ‘పోయినేటి బండి’ కావడం ఇలాంటిదే. చెట్ల విషయం ఇంకా నిశితమైంది. ఒక ఏటి పంటకు మరో ఏటి పంటలోంచి దశమభాగం తీసి ఇవ్వకూడదు కనుక, ప్రతి పండూ ఏ ఏటిదో తేలాలి. చెట్టు పండ్లకు పిందె పట్టిన కాలం ప్రమాణం, కూరగాయలకు కోసిన కాలం ప్రమాణం. మాదీఫలం చెట్టు మీద ఒక ఏటి నుంచి మరో ఏటికి నిలిచే పండు. అది దశమభాగం విషయంలో కూరగాయలాంటిదని, కోసిన రోజును బట్టి లెక్కించాలని రబ్బాన్ గమలియేల్ అన్నాడు. కాదు, అన్ని విధాలా చెట్టు పండేనని రబ్బీ ఎలియేజర్ అన్నాడు. ఫ్యాక్టరీ తేదీకీ రిజిస్ట్రేషన్ తేదీకీ మధ్య ఇవాళ నడిచే తగువు ఇదే. ఆ వాదనలో ఏ పక్షమూ పండును కోసి లోపల సంవత్సరం కోసం వెతకలేదు. పండును ఏ జాతిలో చేర్చాలన్నదే వాళ్ల ప్రశ్న.

కారు లోపల వెతికినా ఒకే సంవత్సరం దొరకదు. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. 4623 అని ఉంటే ఆ టైరు 2023లో 46వ వారంలో తయారైందని అర్థం. బ్యాటరీకి దాని తేదీ ఉంటుంది, అద్దాల మీద వాటి గుర్తులు వాటికుంటాయి. వీటిలో ఏ తేదీ కారు తేదీ? బౌద్ధ గ్రంథం ‘మిళిందపన్హ’లో భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుణ్ణి అడిగింది ఇలాంటి ప్రశ్నే. రాజు రథమెక్కి వచ్చానన్నాడు. నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, అన్నీ కలిసిన కుప్ప రథమా, వీటికి వేరుగా రథం ఉందా అని భిక్షువు ఒక్కొక్కటే అడిగితే రాజు అన్నిటికీ కాదన్నాడు. చివరికి ఆ భాగాలను ఆసరా చేసుకుని ‘రథం’ అన్న పేరు, వ్యవహారం ఏర్పడుతున్నాయని రాజే ఒప్పుకున్నాడు. ఈ కథలో చాలామంది దాటిపోయే సంగతి ఒకటుంది. రథం మీద వచ్చానన్న రాజు మాటను నాగసేనుడు చివరికి కొట్టివేయలేదు. రథాన్ని రాజు సరిగ్గా అర్థం చేసుకున్నాడని మెచ్చుకున్నాడు. వస్తువు అంతా వ్యవహారమే అయినప్పుడు దాని వయసు అంతకన్నా గట్టిది కావడానికి వీల్లేదు. అలాగని అది అబద్ధమూ కాదు.

కాలం గురించి వైశేషిక దర్శనకారులు చెప్పింది దీనికి మరో వైపు. వాళ్ల మతంలో కాలం ఒక్కటే, నిత్యం, సర్వవ్యాపి. క్షణం, దినం, మాసం, సంవత్సరం అనే విభాగాలు దానిలో లేవు. సూర్యుడి కదలిక లాంటి ఉపాధుల వల్ల, అంటే బయటి నిమిత్తాల వల్ల, అవి ఉన్నట్టు వ్యవహరిస్తాం. బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడు ఇంకో అడుగు ముందుకేశాడు. మూలమధ్యమకకారికల్లోని కాలపరీక్షలో, భూత వర్తమాన భవిష్యత్తులు ఒకదాన్నొకటి ఆనుకునే సిద్ధిస్తాయని, వస్తువులను ఆశ్రయించే కాలం ఆ వస్తువులే నిలవనప్పుడు ఎలా నిలుస్తుందని ప్రశ్నించాడు. మోడల్ సంవత్సరానికి ఈ రెండు వాదాల్లో వైశేషికమే బాగా అతుకుతుంది. ఉపాధులేవో స్పష్టంగా చూపించవచ్చు: అమెరికాలో పొగ చట్టం, బ్రిటన్‌లో ప్లేటు మారే తేదీ, జపాన్‌లో సింహాసనం. ఉపాధి మారితే సంవత్సరం మారుతుంది. నాగార్జునుడి ప్రశ్న వీటన్నిటికీ అడుగున ఉంటుంది గానీ, బేరం తెగడానికి అంత లోతు అక్కర్లేదు.

అంతా వ్యవహారమే అయితే ఎవరికి తోచిన ఏడు వాళ్లు చెప్పుకోవచ్చా? కుదరదు. వ్యవహారం ఇద్దరి మధ్య ఒప్పందం. అమ్మేవాడు ఒక లెక్కలో చెప్పి, కొనేవాడు మరో లెక్కలో విన్నాడని తెలిసీ ఊరుకుంటే, చెప్పిన ప్రతి అక్షరం నిజమైనా అది మోసమే. జనవరిలో ‘కొత్త బండి’ అని అంటగట్టి, అది నిరుడు తయారైన స్టాకని ఆర్‌సీ చేతికొచ్చాక గానీ తెలియనివ్వకపోవడం ఈ కోవలోదే. డిసెంబర్‌లో ఆ సంగతి చెప్పే డిస్కౌంట్ ఇస్తే అదే బండి న్యాయమైన సరుకు. మిష్నాలోని ‘బావా మెట్సియా’ పనిముట్లకు మెరుగులు దిద్ది అమ్మవద్దంది. మిష్నాను వివరించే తల్మూద్ పండితులు దాన్ని విడదీసి, పాతవాటికి రంగు పూయడం నిషిద్ధం, కొత్తవాటికి పూయవచ్చు అన్నారు. పాపం రంగులో లేదు, పాతది కొత్తదని నమ్మించడంలో ఉంది. బ్రిటన్ చట్టం కూడా ఈ తేడానే పట్టుకుంది. కారును ఉన్న వయసు కన్నా కొత్తదిగా చూపించే నంబరు తగిలించకూడదు, పాతదిగా చూపించే నంబరు తగిలించుకోవచ్చు.

మనుషుల వయసులోనూ చట్టాలు లెక్కను మార్చగలవు. దక్షిణ కొరియాలో బిడ్డ పుట్టగానే ఒక ఏడుగా లెక్కించి, ప్రతి జనవరి 1న మరో ఏడు కలిపేవారు. 2023 జూన్ 28 నుంచి అధికార వ్యవహారాల్లో పుట్టిన తేదీ లెక్కనే ప్రామాణికం చేశారు. కోట్లమంది కాగితం మీద ఒకటి రెండేళ్లు చిన్నవాళ్లయ్యారు, ఎవరి ఒంట్లోనూ ఏమీ మారకుండానే.

మళ్లీ కార్ల దగ్గరికి వస్తే, అమెరికాలో 1981 మోడళ్ల నుంచి తప్పనిసరి చేసిన పదిహేడు అక్షరాల వాహన సంఖ్యలో పదో స్థానం మోడల్ సంవత్సరానిది. 1980కి ఎ, 2000కు వై, 2001 నుంచి 2009 దాకా 1 నుంచి 9 వరకు అంకెలు, 2010కి మళ్లీ ఎ. అంకెల్లా కనిపించే ఐ, ఓ, క్యూ అక్షరాలను మొత్తం సంఖ్యలోనే వాడరు. యు, జెడ్ అక్షరాలను, సున్నాను ఈ స్థానంలో వాడరు. అలా మిగిలినవి ముప్ఫై, కాబట్టి ముప్ఫై ఏళ్లకోసారి చక్రం తిరిగి వస్తుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లతో తిరిగే తెలుగు సంవత్సరాలకూ ఇదే ఇబ్బంది. పేరొక్కటే చెబితే ఏ ఆవృత్తిలోదో తెలియదు. అందుకే శాసనాల్లో సంవత్సరం పేరుతో పాటు శకవర్షం సంఖ్య కూడా వేయించేవారు. కార్లకు ఆ పని ఏడో స్థానం చేస్తుంది. అమెరికా మార్కెట్ కార్లలో అక్కడ అంకె ఉంటే మొదటి ఆవృత్తి, అక్షరం ఉంటే 2010తో మొదలైన రెండోది. యూరప్ కంపెనీలకు పదో స్థానంలో సంవత్సరం పెట్టాలన్న నిర్బంధం లేదు, చాలా కంపెనీలు పెట్టవు. రెండో ఆవృత్తి 2039 మోడళ్లతో, 9 అంకె దగ్గర ముగుస్తుంది.