పాలు మనవి, దూడ ఎవరిది?

పోయిన ఉగాదికి మన సంఘం భోజనాల దగ్గర జరిగిన చిన్న సంభాషణ ఈ వ్యాసానికి కారణం. మా పొరుగున ఉన్న రైతు తన ఆవులన్నీ అమ్మేసి, ఇప్పుడు పాడి డెయిరీల నుంచి రెండు మూడు వారాల దూడలను కొనుక్కొచ్చి, బకెట్టు పాలతో పెంచి అమ్ముతున్నాడని మాటల్లో చెప్పాను. పక్కన కూర్చున్న మిత్రుడు చేతిలోని పాయసం గిన్నె కింద పెట్టి, "అదేమిటండీ డాక్టరు గారూ! తల్లినీ బిడ్డనూ విడదీసి వ్యాపారమా? పాపం కాదూ?" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునన్నారు. నేనూ తల ఊపాను. తర్వాత మళ్ళీ అందరం గిన్నెలు చేతికి తీసుకున్నాం.

ఇంటికి వెళ్ళే దారిలో కారు నడుపుతుంటే ఆ తల ఊపడం నన్ను బాధపెట్టింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రైతు సంగతి చెప్పాలి.

మేం ఉండేది వేల్స్‌లో, కార్మార్థెన్‌షైర్ కొండల్లో. మా ఇంటి కంచె దాటితే ఆయన పొలం. చిన్న కమతం, ఏటవాలు నేల, ఏడాదిలో ఎక్కువ కాలం వాన. అక్కడ గడ్డి తప్ప మరేదీ సరిగా పండదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పద్దెనిమిది సక్లర్ ఆవులను పెంచాడు. సక్లర్ ఆవు అంటే మనిషి పాలు పిండని ఆవు. అది ఈనుతుంది, దాని పాలన్నీ దాని దూడే తాగుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలలు తల్లి వెంటే మేస్తుంది. ఆ తర్వాత దూడను వేరుచేసి మాంసం కోసం పెంచేవాళ్ళకు అమ్ముతారు. అమ్మిన రాత్రులు ఆ ఆవుల అరుపులు మా పడకగదిలోకి వినిపించేవి. మూడు నాలుగు రాత్రులు అలా అరిచి ఊరుకునేవి.

ఇందులో లెక్క ఏమిటంటే, ఆవు తొమ్మిది నెలల పైచిలుకు చూలు మోసి ఏడాదికి ఒక్క దూడను ఇస్తుంది. ఆ ఒక్క దూడ కోసం ఆరువందల కిలోలు దాటిన తల్లిని ఏడాది పొడుగునా మేపాలి. చలికాలంలో అయిదారు నెలలు కొట్టంలో కట్టి, వేసవిలో దాచిన పాతర గడ్డి పెట్టాలి. ఆంబోతును పోషించాలి. ఏ ఆవైనా ఒక ఏడు చూలు నిలవకపోతే ఆ ఏటి మేత అంతా దండుగే. ఒకప్పుడు ఆవుకు ఇంత అని ప్రభుత్వం డబ్బిచ్చేది. 2005లో ఆ పద్ధతి పోయి, ఆవుల సంఖ్యతో పని లేకుండా ఇచ్చే సబ్సిడీ వచ్చింది. అప్పటినుంచీ కొండ రైతులు తమ ఆవులను చూసి, ఇవి మనల్ని పోషిస్తున్నాయా, మనం వీటిని పోషిస్తున్నామా అని లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు.

లెక్కలకు తోడు వయసు. ఆయనకు అరవై ఎనిమిది. పిల్లలు కార్డిఫ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. రెండేళ్ళ కిందట ఫిబ్రవరి అర్ధరాత్రి ఈనిన ఆవు దగ్గరికి వెళితే, దూడకు ఏం చేస్తాడోనన్న భయంతో ఆ ఆవు ఆయన్ని గోడకు అదిమింది. రెండు పక్కటెముకలు విరిగాయి. నేను అప్పటికే రిటైరయినా, ఆ రాత్రి ఆయన భార్య వచ్చి తలుపు కొట్టింది మాదే. ఆ మరుసటి శరదృతువులో ఆవులు లారీ ఎక్కాయి. ఆ రోజు ఆయన కొట్టంలోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు ఆ కొట్టంలో పన్నెండేసి దూడలు ఒక జట్టుగా వస్తాయి. రోజుకు రెండుసార్లు పాలపొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి పోస్తారు. దాణా, శుభ్రమైన గడ్డి అలవాటు చేసి, ఎనిమిది వారాల వయసుకు పాలు మాన్పిస్తారు. ఆ తర్వాత కొన్ని నెలలు పెంచి అమ్ముతారు. అర్ధరాత్రి పురుళ్ళు లేవు, ఆంబోతు లేదు. అయితే ఇదీ సుఖమైన పనేమీ కాదు. రకరకాల చోట్ల నుంచి వచ్చిన పసిదూడలు ఒకచోట చేరితే పారుడు రోగం, న్యుమోనియా వెంటే వస్తాయి. మా జిల్లాలో పశువుల క్షయ ఒక పెద్ద బెడద. బయటినుంచి కొన్న ప్రతి దూడతోనూ ఆ భయం ఉంటుంది. పాలపొడి ధర ఒక్క మెట్టు ఎక్కితే లాభం కరిగిపోతుంది.

ఉగాది తర్వాత ఒక సాయంత్రం, మన మిత్రుడి మాటే కొంచెం మెత్తగా మార్చి ఆయన భార్యను అడిగాను: "ఆవులున్నప్పుడు దూడ తల్లి దగ్గర ఉండేది కదా, ఇప్పుడు మీకు మనసుకు ఎలా ఉంటుంది?" ఆవిడ బకెట్టు కడుగుతూనే అన్నది: "వీటిని మేం విడదీయలేదు, డాక్టర్. విడిపోయిన తర్వాతే మా గుమ్మంలోకి వస్తాయి. వీటి తల్లులు ఇప్పుడు మీ టీలోకి పాలిస్తున్నాయి."

ఆవిడ కోపంగా అనలేదు. అయినా నాకు చప్పున జవాబు దొరకలేదు.

మనలో చాలామందికి తెలిసీ తెలియని సంగతే ఇది. ఆవు ఈనితేనే పాలు. పాలు కావాలంటే ఏడాదికో దూడ పుట్టాలి. ఈ దేశపు పాడి ఆవు ఏడాదికి సుమారు 8,000 లీటర్ల పాలిస్తుంది. అందులో దూడకు వదలరు. సాధారణంగా పుట్టిన 24 గంటల లోపే తల్లినుంచి వేరుచేస్తారు. పెయ్యదూడ అయితే రేపటి పాడి ఆవు కాబట్టి దాని బతుకు దానికి ఉంటుంది. కోడెదూడ అయితే? అది పాలివ్వదు. పాడి జాతి కాబట్టి మాంసమూ పెద్దగా పట్టదు. పుట్టడంతోనే అది ఎవరికీ అక్కర్లేనిది.

ఆ అక్కర్లేని దూడను ఈ దేశం ఏం చేసిందో చూడండి. దూడలను కదలనీయకుండా పెంచే ఇరుకు పెట్టెలను 1990లో నిషేధించారు. నిషేధించిన తర్వాత అవే దూడలను ఓడల్లో ఐరోపాకు పంపారు. 1995లో బ్రైట్లింగ్‌సీ, షోరమ్ రేవుల్లో మామూలు గృహిణులు, ముసలివాళ్ళు లారీలకు అడ్డంగా నిలబడింది అందుకే. 1996లో పిచ్చి ఆవు జబ్బు గొడవతో ఎగుమతులు ఆగిపోయాయి. అప్పుడు ప్రభుత్వమే డబ్బిచ్చి 1999 దాకా లక్షల సంఖ్యలో పసిదూడలను చంపించింది. ఆ తర్వాత కూడా చాలా డెయిరీలలో కోడెదూడను పుట్టిన కొద్ది రోజులకే తుపాకీతో కాల్చేవారు. 2020లో పాడి పరిశ్రమ ఆ పద్ధతిని మాన్పించడానికి నడుం కట్టింది. ఇప్పుడు ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యాన్ని కొన్ని ఆవులకు, మాంసపు జాతి వీర్యాన్ని మిగిలినవాటికి వాడుతున్నారు. అలా పుట్టిన సంకర దూడలే మా పొరుగు కొట్టంలోకి వస్తున్నాయి. వాటిని పెంచేవాడు ఉండబట్టే వాటికి బతుకు ఉంది.

మన ఊళ్ళల్లో ఇలా ఉండేది కాదు అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. మా తెనాలి ఇంట్లో దూడను ముందు కుడవనిచ్చి, ఆవు చేపాక గుంజకు కట్టి, పాలు పితికి, చివర మళ్ళీ దూడను వదిలేవారు. ఆవు కళ్ళెదుటే దూడ ఉండేది. అది నిజమే. కాని దూడ చస్తే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టి పాలు పితకడం కూడా నేను చూశాను. ఇక జున్ను! ఆవు ఈనిందంటే మాకు పండగ. వైద్యుడిగా ఆ జున్నుపాల సంగతి తర్వాత చదువుకున్నాను. మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే రోగనిరోధక శక్తి కొంత చేరుతుంది. దూడకు అలా చేరదు. అది జున్నుపాల ద్వారానే రావాలి, అదీ పుట్టిన మొదటి కొన్ని గంటల్లో. 24 గంటలు దాటితే పేగు దాన్ని పీల్చుకోదు. మా ఇంట్లో దూడ తాగాకే జున్నుకు పాలు తీశారో లేదో నేను ఎన్నడూ అడగలేదు. బెల్లం సరిపోయిందా అనే అడిగాను.

ఆ రోజుల్లో కోడెదూడకు కనీసం నాగలి ఉంది, బండి ఉంది. ఒంగోలు గిత్త ఇంటికి గౌరవం. ట్రాక్టరు వచ్చాక దాని పని పోయింది. మూపురం లేని జెర్సీ సంకరపు కోడెను కాడికి కట్టాలని ఎవరూ అనుకోరు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవునూ దాని దూడనూ చంపకూడదంది. మంచిదే. కాని చట్టం దూడకు పాలు పోయదు. తల్లి దగ్గర నాలుగు చుక్కలు కుడిపించి గుంజకు కట్టి, అది ఎండి ఎండి పోతుంటే చూడనట్టు ఊరుకోవడాన్ని ఏ చట్టమూ హత్య అనదు. దున్నపోతు దూడల గతి గురించి చెప్పనే అక్కర్లేదు. చిన్నప్పుడు మనమంతా ఆవు-పులి కథ విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. దూడకు చివరిసారి పాలిచ్చి వస్తానని పులిని వేడుకున్న ఆవు కథ. ఆ కథలో ఆవుకూ దూడకూ మధ్య అడ్డం వచ్చినది పులి. అసలు జీవితంలో అడ్డం వచ్చేది చెంబు పట్టుకున్న మనమే.

అయితే మా పొరుగాయన పుణ్యాత్ముడని నేను చెప్పబోవడం లేదు. ఆయన ఆ దూడలను కసాయి కోసమే పెంచుతాడు. మీరు గోవును చంపి చెప్పులు దానం చేసిన సామెత చెప్పవచ్చు. దేవకి కన్న బిడ్డను యశోద పెంచలేదా అని నేనంటే, యశోద కృష్ణుణ్ణి సంతకు తోలలేదని మీరనవచ్చు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. పైగా పాత పద్ధతిలో ఒక మంచి ఉంది. దూడకు తల్లి ఉండేది, తల్లికి దూడ ఉండేది, ఏడాదికి కొన్ని నెలలైనా. ఆవులు లేని ఆ కొండ చూస్తే నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది. సక్లర్ ఆవులన్నీ పోయి మాంసమంతా పాడి దూడల నుంచే రావడం మొదలైతే, పచ్చికలో తల్లితో పెరిగే దూడ అనేదే అరుదైపోవచ్చు. అది నిజంగా నష్టమే.

కాని ఇక్కడ ఒక తేడా గమనించాలి. సక్లర్ ఆవుకు పుట్టే దూడను మాంసం కోసమే పుట్టిస్తారు. దాని బాధ్యత మాంసం తినేవాళ్ళది అని నేను చేతులు దులుపుకోవచ్చు. పాడి దూడ అలా కాదు. అది నా పెరుగు కోసం పుట్టింది. నేను అరవై ఏళ్ళకు పైగా శాకాహారిని. నా వల్ల ఏ ప్రాణీ చావలేదని ఎన్ని విందుల్లో చెప్పుకున్నానో! ఆ మాట నిజం కాదని ఇప్పుడు ఒప్పుకోవలసి వస్తోంది. నా కాఫీ మిగిల్చిన దూడను ఒకాయన ఇంటికి తెచ్చుకుని, రాత్రిళ్ళు లేచి, రోగానికి మందు పోసి పెంచుతుంటే, నేను పాయసం తింటూ ఆయన్ని పాపి అన్నాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1981లో మా పెద్దమ్మాయి నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు, నా పరీక్షలు, మా ఆవిడ ఉద్యోగం కారణంగా పిల్లను తెనాలిలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాం. పద్నాలుగు నెలల తర్వాత వెళితే పిల్ల మా ఆవిడ దగ్గరికి రాలేదు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి కథ ఉంది. దూడతో బిడ్డను పోల్చడం తప్పే. నేను పోల్చేది మమ్మల్నే. ఆనాడు మేం చేసినదాన్ని పాపం అనుకోలేదు, అవసరం అన్నాం. మనం చేస్తే అవసరం, ఎదుటివాడు చేస్తే పాపం అనే అలవాటు మనిషిలో చాలా లోతున ఉంది.

మరి ఏం చేయాలి? పాలు మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు, నేను మానలేదు. దూడను తల్లి దగ్గరే ఉంచి, మిగిలిన పాలే అమ్మే డెయిరీలు ఈ దేశంలో కొద్దిగా ఉన్నాయి. పాలు తక్కువ కాబట్టి ధర ఎక్కువ. మన ఇళ్ళల్లో ఆ ధర ఇవ్వలేనివాళ్ళు తక్కువే. కనీసం మనం కొనే పాల డెయిరీ తన కోడెదూడలను ఏం చేస్తోందని అడగవచ్చు. అడిగేవాళ్ళు లేనందువల్లే ఇన్నాళ్ళూ ఆ దూడ ఎవరిదీ కాకుండా పోయింది. ఇవేవీ చేయకపోయినా ఒక్కటి మాత్రం చేయవచ్చు. మనం పాలు తాగుతున్నంత కాలం, దూడను పెంచేవాడి మీద తీర్పు చెప్పే ముందు ఒక క్షణం ఆగవచ్చు.

నిన్న సాయంత్రం కొట్టంలోకి వెళ్ళాను. కొత్తగా వచ్చిన నల్లటి కోడెదూడ ఒకటి బకెట్టులో మూతి పెట్టడం ఇంకా నేర్చుకోలేదు. ఆవిడ చెప్పినట్టు రెండు వేళ్ళు పాలలో ముంచి దాని నోట్లో పెట్టాను. గరుకు నాలుకతో గట్టిగా పీల్చింది. వేళ్ళు మెల్లగా బకెట్టులోకి దించితే దానితోపాటే తలా దించింది. మూడోసారికి తనంతట తానే తాగింది.

ఆ రోజు బల్ల దగ్గర నాతోపాటు తల ఊపిన మిత్రులు ఈ వ్యాసం చదివి ఏమంటారో రాయవలసిందిగా కోరుతున్నాను. నా ఆలోచనలో పొరపాటుంటే దిద్దండి. వచ్చే సంచికలో మాట్లాడుకుందాం.