తన తూటా తానే నింపుకొనువాడు

అంగడిలో దొరకు వస్తువును ఇంటిలో శ్రమపడి చేసికొనువానిని లోకము రెండు విధముల పిలుచును. పేదవాడైనచో పొదుపరి యనును, కలవాడైనచో పిచ్చివాడనును. అమెరికా దేశమున తుపాకితో గురికొట్టు వినోదము గలవారిలో పెక్కుమంది ఈ రెండవ మాటను తమ యింటివారిచేతనే పడుచుందురు. కాల్చిన తూటాల యిత్తడి గొట్టములను నేలపైనుండి ఏరి తెచ్చి, శుభ్రపఱచి, రాత్రులు దీపముకడ గూర్చుండి మరల నింపుకొందురు. యంత్రశాలలు పెట్టెలకొలది చేసి అమ్ముచుండగా వీరి కీ శ్రమ యేల?

అడిగినచో వారు మొదట చెప్పునది డబ్బు మాట. తూటాకు అంగములు నాలుగు: ఇత్తడి గొట్టము, దాని యడుగున నిప్పురవ్వను పుట్టించు ప్రైమరను చిన్న టోపీ, మందు, గుండు. కాల్చినపుడు తక్కిన మూడును పోవును, గొట్టము మిగులును. వెలయెక్కువ గలది తఱచుగా నదియే. కావున దానిని మరల వాడుకొనుట పొదుపని వారి వాదము. లెక్క సరియైనదే. కాని మిగిలిన డబ్బుతో వారు చేయునదేమి? మఱికొన్ని తూటాలను నింపి కాల్చుదురు. క్రొత్త త్రాసులను, అచ్చులను కొందురు. డబ్బు ఇచట కారణము కాదు, సాకు. తన సంతోషమునకు సాకు వెదకుకొనుటలో ఏ దేశపు మనిషియైన నొకటే.

అసలు సంగతి త్రాసుకడ నున్నది. మందును తూచుటకు వారు వాడు కొలత గ్రెయిను. పౌనుకు 7000 గ్రెయినులు. అందులో పదియవ వంతు తేడాను సైతము వారు చూచుకొందురు. అది మన కంసాలి పూర్వము వాడిన గురివిందగింజ బరువులో ఇంచుమించు 18వ పాలు! ఒక్కొక్క తుపాకి కొక్కొక్క స్వభావము గలదు. యంత్రశాలవారు వేయి తుపాకులకు పనికివచ్చు తూటాను చేయుదురు. ఇతడు తన యొక్క తుపాకికి నచ్చినదానిని వెదకును. తుపాకిని బల్లపై నానించి కాల్చు బెంచిరెస్టు పందెములలో గుండ్లన్నియు నొక్కచోటనే తగులుట ముఖ్యము. మిక్కిలి యెడముగానున్న రెండు రంధ్రముల నడిమి దూరమును కొలిచి, అది యెవరిది చిన్నదో వారికి గెలుపు నిత్తురు. అచటి పందెగాండ్రు ఆటకును ఆటకును నడుమ, ఎండ మాఱినకొలది మందును సవరించుకొనుచు, ఆ చోటనే తూటాలను నింపుకొందురు.

కొన్న తూటా గురి తప్పినయెడల తూటాను నిందింపవచ్చును. తాను నింపినది తప్పినయెడల నిందించుట కెవడును మిగులడు. తప్పు తనదని తెలిసినవాడు దుఃఖింపవలెను గదా? ఇతడు సంతోషించును! ఏ దినమున ఎంత మందు వేసెనో, ఏ గుండు నుంచెనో, ఫలమెట్లుండెనో పుస్తకములో వ్రాసికొని మరల ప్రయత్నించును. ఏలయన, తప్పు తనదైనచో దిద్దుబాటును తన చేతిలోనిదే. తన పని ఫలము నూఱు గజముల దూరమున కాగితముపై రంధ్రమై కనబడును. కచేరీలోని గుమాస్తా కీ భాగ్యము లేదు. తాను వ్రాసిన కాగితమేమైనదో ఆతడెన్నడు నెఱుగడు.

అట్లని సర్వము త్రాసుతో తూగునని భ్రమింపరాదు. 1874వ సంవత్సరము సెప్టెంబరులో న్యూయార్కు సమీపమున క్రీడ్‌మూరునందు ఐర్లండువారికిని అమెరికావారికిని పందెము జరిగెను. ఐర్లండువారివి మూతినుండి మందును గుండును దిగవేయు తుపాకులు. అమెరికావారివి వెనుకనుండి నింపునవి. ఐర్లండువాడొకడు 900 గజముల దూరమున గురి నట్టనడుమ కొట్టెను. కాని యది ప్రక్కవాని గురి! ఆ దెబ్బకు సున్న వేసిరి. తుదకు 934కు 931గా ఐర్లండు ఓడెను. మందులోను గుండులోను లోపమేమియు లేదు.

తూటా నింపుటలో ఇంత యానందమున్నదని వ్రాయుచుండగా నా మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనుచున్నది. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున ఇంగ్లండులోని యంత్రశాలలయందు వేలకొలది స్త్రీలు ఫిరంగిగుండ్లలో మందు నింపిరి. ఆ మందుచే చర్మము పసుపువన్నె కెక్కగా వారిని కెనరీ పిట్టలని పిలిచిరి. వారు చేసినదియు నింపుటయే. తేడా యెక్కడ? తాము నింపిన గుండు ఎచట పడెనో వారు చూడలేదు. ఎంత నింపవలెనో నిర్ణయించినది వారు కారు. 1915లో వచ్చిన చట్టమును బట్టి, అది సడలింపబడిన 1917 వఱకు, యజమాని విడుదలపత్రము లేక పని విడిచినవారికి ఆఱు వారములవఱకు వేఱొకచోట పని దొరకుట దుర్ఘటము. ఇక వారి గుండునకు గురి కాగితము కాదు. గురిపందెగాని యానందము నిర్దోషమని నే ననగలిగినది ఆ కాగితమున్నంతవఱకే. త్రాసునకు మాత్రము ఆ భేదము తెలియదు.

కావున చేతిపనియందే ఆనందమున్నదని ఊరక పొగడువారితో నేను చేతులు కలుపజాలను. మన యిండ్లలో మగవారు భోజనపు పీటపై గూర్చుండి, అంగడి ఆవకాయకు ఈ రుచి యెక్కడిదని మెచ్చుకొందురు. ఆ మెప్పు నిజమే. కారము, ఆవపిండి, ఉప్పు త్రాసు లేకయే సరిపుచ్చు ఆ చేతి నేర్పు తూటా నింపువాని నేర్పునకు తక్కువది కాదు. రుచి తప్పిననాడు తప్పెవరిదో ఇంటిల్లిపాదికిని తెలియును. అయితే తూటా నింపువాడు విసుగు పుట్టిన రాత్రి త్రాసును పెట్టెలో పెట్టి నిద్రపోవును. మామిడికాయలు దిగిన వేసవిలో మన యింటి యాడువారికి అట్టి రాత్రి యొక్కటియు లేదు.