వాకిట్లోకి రానివాడు

అన్నం అమ్ముకోవడం పాపమని మా నాయనమ్మ నమ్మకం. మనవడేమో కాకినాడలో బియ్యం దళారీ అయ్యాడు. ‘బియ్యం అన్నం కాదులే’ అని చివరికి ఆవిడే ఓ వెసులుబాటు ఇచ్చింది, పాపం.

2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌తో లారీలు ఆగాయి. మిల్లుల్లో జట్టు కూలీలు కరువయ్యారు. బస్తాల్ని సముద్రంలో లంగరేసిన ఓడల దాకా చేర్చే బార్జీల పనీ కుంటుపడింది. అదే వారం వియత్నాం, ముందు మా జనం తిండి చూసుకోవాలంటూ కొత్త ఎగుమతి ఒప్పందాలు ఆపేసింది. మన దేశం అప్పుడు బియ్యం ఎగుమతిని నిషేధించలేదు. రవాణా కుదుటపడ్డాక సరుకు ఎంతగా కదిలిందంటే, 2019-20లో 95 లక్షల టన్నులున్న ఎగుమతి మరుసటేడు 177 లక్షల టన్నులకు చేరింది. మన ఉప్పుడు బియ్యం బెనిన్‌లో వండుకుంటారు, నూకలు సెనెగల్‌లో. అమ్మేవాడు లేకపోతే వాళ్ల పొయ్యి మీదికి అవి ఎలా వెళ్తాయి? అమ్మకం పాపం కాదని నాకు తేలిపోయింది. కమీషన్ కూడా వచ్చింది, దాచడమెందుకు.

తేలనిది మరొకటుంది. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నం గురించి వ్రతాలు చెబుతుంది. అన్నాన్ని నిందించకు, వదిలేయకు, విస్తారంగా పండించు. ఈ మూడోది వ్యవసాయ సభల్లో అందరూ వల్లిస్తారు. దాని వెంటనే ఉన్నదాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు: ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి కాదనకూడదు, అందుకని ఎలాగైనా సరే అన్నం సమృద్ధిగా సంపాదించుకో. నిల్వ చేసుకోవడానికి అక్కడ చెప్పిన కారణం ఆ వచ్చేవాడే.

ఆ ఏప్రిల్‌లో కేంద్రం గోదాముల్లో బియ్యం, గోధుమలు కలిపి దాదాపు 570 లక్షల టన్నులున్నాయి. రేషన్ కార్డున్నవాళ్లకు మనిషికి 5 కిలోలు ఉచితంగా ఇచ్చారు, మంచి పనే. కత్తిపూడి మీదుగా ఒడిశాకు నడిచిపోతున్న వలస కూలీలకేమో కార్డు సొంతూళ్లో, కడుపు ఇక్కడ. మేం కొందరం పులిహోర పొట్లాలు, మజ్జిగ ఇచ్చాం. అందుకున్నవాళ్లలో ఒకతను ఉప్పుడు బియ్యం మిల్లులో బస్తాలు మోసినవాడే.

“శాస్త్రిగారూ, ఇంటికి రాకుండా రోడ్డు వెంట పోయేవాడికి ఈ వ్రతం వర్తిస్తుందా?” అని మా పండితుణ్ణి అడిగాను. “వచ్చినవాడి మాటే ఉందండీ అందులో” అన్నారాయన. నాకు నచ్చలేదు. గోదాము సర్కారుదైనప్పుడు దాని వాకిలి ఎక్కడున్నట్టు?

ఒక రాష్ట్రం కార్డు మీద మరో రాష్ట్రం రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకునే పద్ధతి ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులోనే మొదలైంది. ఒడిశా అందులో చేరింది 2020 జూన్‌లో. కార్డు లేని వలస కూలీలకూ 5 కిలోలిస్తామని కేంద్రం ప్రకటించేసరికి లాక్‌డౌన్ మొదలై ఏడు వారాలు.

ఇదంతా చెబితే శాస్త్రిగారు నవ్వారు. “అయితే వాకిలి ఆ వేలిముద్ర మిషన్లో ఉందంటారా?”

ఉందనే అంటాను. దానికి సిగ్నల్ అందలేదని డీలరు ఎవర్నైనా తిప్పి పంపితే నాకు కోపం వచ్చేది అందుకే.