ఎక్కువ మంది చెబితే ధమ్మమవుతుందా?



"ఊరంతా ఒక్క మాట మీదుంటే నువ్వొక్కడివేంది?" అని మిమ్మల్ని ఎవరైనా గద్దించారా? భిక్షు సంఘంలోనూ ఓటు ఉండేది. వివాదం తెగకపోతే శలాకలు, అంటే పుల్లలు, పంచి లెక్కపెట్టేవారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఈ సంఘ పద్ధతులనే గుర్తుచేశారు. అయితే వినయ పిటకంలో ఒక కట్టడి ఉంది, మనవాళ్లు అంతగా చెప్పుకోరు గానీ: అధమ్మం పలికేవాళ్లే ఎక్కువున్నారని తెలిశాక పుల్లలు పంచితే ఆ ఓటు చెల్లదు.

ఇక మీ ఊరు చూడండి. రచ్చబండ దగ్గర వంద చేతులు లేచి ఒక ఇంటిని వెలేశాయనుకోండి. కొట్లో ఉప్పివ్వరు, కూలికి పిలవరు. రోడ్డు ఎటు వేయాలో చేతులెత్తి తేల్చుకోవచ్చు. ఒకరి కుండలో నీళ్లుండాలా వద్దా అన్నది ఓటుకు పెట్టే సంగతే కాదు. ఆ రోజు మీరు చెయ్యెత్తకండి. ఆ ఇంటికి ఒక బిందె నీళ్లు మోసుకుపోండి.