అరటిపువ్వు ఎవరి బొమ్మ?

మన్యం నుంచి వచ్చి రావులపాలెంలో ఉంటున్న మేము ఆదివారాలు బొమ్మలు వేస్తాం. గౌతమి ఇసుక తిన్నెలు, కడియం బంతిపూలు, ఎక్కువగా అరటిపువ్వు. దాని డొప్ప బయట ఊదా, లోపల ఎరుపు. ఎరుపులో నీలం ఎంత కలపాలో పదిసార్లు వేస్తేగాని చేతికి రాదు.

చూసినవాళ్లు "ఆదివాసీలు కదా, సవర బొమ్మలు వేయరేం?" అంటారు. మేము సవరలం కామన్నది అలా ఉంచండి. ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో సవరలు వేసేది ఇంటి అలంకారం కాదు. పెద్దలను, దేవుళ్లను ఇంటికి పిలవడం. దాన్ని వాళ్ల పెద్దల దగ్గర, వాళ్ల పద్ధతిలో నేర్చుకోవాలి. అడిగినవాళ్లకల్లా గీసిచ్చేది కాదు.

రాజమండ్రి దామెర్ల రామారావు (1897–1925) బొంబాయిలో చదివొచ్చి 'పుష్పాలంకరణ' వేస్తే అది చిత్రకళ. మన పిల్ల పువ్వు వేస్తే మాత్రం "ఇందులో గిరిజనం ఏముంది?" అని వెతుకుతారు. పువ్వును తన కళ్లతో చూసే హక్కు ఆ పిల్లకు లేదా?

ఇందులో మన పాలూ ఉంది. డ్రాయింగు పోటీ పెడితే థింసా, విల్లంబులే ఇస్తున్నాం. ఒకసారి రంగులిచ్చి, కిటికీలోంచి కనిపించేది వేయమనండి. మామిడిపూతకు పసుపొక్కటే చాలదని వాళ్లే కనిపెడతారు.